ఈగలు పూల కోసం రావు

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి మొదట్లో ఒక చెరుకు రసం బండి ఉండేది. మార్చి దాటిందంటే ఆ బండి దగ్గర మనుషులకన్నా తేనెటీగలే ఎక్కువ. పిప్పి గుట్ట మీద, గ్లాసులు కడిగే బకెట్టు అంచున, పిండేసిన నిమ్మచెక్కల డబ్బాలో, ఆఖరికి బండాయన భుజం మీది తువ్వాలు మీద కూడా అవే. ఆయన మటుకు వాటిని లెక్కచేసేవాడు కాదు. గ్లాసు అంచున కూర్చున్నదాన్ని గోటితో మెల్లగా పక్కకు జరిపి గ్లాసు మన చేతికిచ్చేవాడు. "కుట్టవా?" అని ఒకసారి అడిగాను. "నలిపితే కుడతయ్ సార్. తాగేదాన్ని తాగనిస్తే మనతో దానికేం పని?" అన్నాడు.

ఆ మాట చాలా రోజుల తర్వాత, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ జరిగినప్పుడు గుర్తొచ్చింది.

సంక్రాంతి ముందు మా నీళ్ళ ట్యాంకు అడుగున పెద్ద తేనెపట్టు పట్టింది. కొండతేనెటీగలు. మూడడుగుల వెడల్పున, నల్ల దుప్పటి ఆరేసినట్టు వేలాడేది. పిల్లల్ని టెర్రస్ మీదికి పంపడం మానేశారు, పెద్దవాళ్ళకు టెన్షన్ పట్టుకుంది. అందులో తప్పేమీ లేదు. ఆ ఈగలు గుంపుగా కుడితే ప్రాణం మీదికొస్తుంది. నాకు ఒళ్ళు మండింది ఒక్క మెసేజ్ దగ్గరే. "టెర్రస్ మీద పూలకుండీలు పెట్టబట్టే ఈగలు వచ్చాయి. ముందు కుండీలు తీయించండి" అని ఒక పెద్దాయన రాశారు. కింద వరసగా బొటనవేళ్ళు. ఆ కుండీలు మా అమ్మవి.

ఏమున్నాయి ఆ కుండీల్లో? రెండు ముద్ద మందారాలు, ఒక కాగితం పూల మొక్క, నాలుగైదు క్రోటన్లు, ఒక వంగ, ఒక తులసి. కాగితం పూలలో మనం రేకులనుకునేవి రంగు తిరిగిన ఆకులు. అసలు పువ్వు వాటి మధ్యన తెల్లగా, సన్నగా, పుల్లలా ఉంటుంది, ఎవరూ చూడరు. ముద్ద మందారం సంగతి తర్వాత చెబుతాను. మొత్తమ్మీద ఆ టెర్రస్ మీద తేనెటీగకు పనికొచ్చేది ఒక్క తులసి. ఒక్క తులసి మొక్కను నమ్ముకుని వేల ఈగలు కాపురం పెడతాయా? కొండతేనెటీగకు కావలసింది ఎత్తు, కింద ఖాళీ, పైన వాన పడని చూరు. మా ట్యాంకు దానికి కొండచరియ. తిండికి అది కిలోమీటర్ల కొద్దీ వెళ్ళొస్తుంది.

ఇదంతా గ్రూపులో రాస్తే ఎవరు చదువుతారు? అక్కడ మింగిన మాట ఇక్కడ చెబుతున్నాను. తేనెటీగలు పూల కోసం రావు. తీపి కోసం వస్తాయి, అదీ లెక్క చూసుకుని మరీ వస్తాయి. పువ్వు ఆ తీపి దొరికే కొట్టు ముందు వేలాడదీసిన బోర్డు. బళ్ళో మనం "రంగు, సువాసన, మకరందం" అని మూడింటినీ ఒకే వాక్యంలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ మూడూ ఒక వరసలో కూర్చోదగినవి కావని నా వాదన. మొదటి రెండూ బోర్డు మీది అక్షరాలు, మూడోది సరుకు.

రంగు సంగతే తీసుకోండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, తేనెటీగలకు రంగులు కనపడవని మ్యూనిక్‌లో కంటి వైద్యుడు కార్ల్ ఫాన్ హెస్ గట్టిగా వాదించాడు. కుర్ర జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒప్పుకోలేదు. బల్ల మీద రకరకాల బూడిదరంగు అట్టలు పరిచి, వాటి మధ్య ఒక నీలం అట్ట పెట్టి, నీలం మీది గిన్నెలో మాత్రం పంచదార నీళ్ళు పోశాడు. ఈగలు అలవాటు పడ్డాయి. తర్వాత గిన్నెలన్నీ ఖాళీవి పెట్టి, అట్టలను అటూ ఇటూ మార్చాడు. ఈగలు నేరుగా నీలం అట్ట మీదికే వెళ్ళి ఖాళీ గిన్నెలో వెతుక్కున్నాయి. బూడిదల్లో ఏదో ఒకటి నీలంలా కనపడి మోసపోయాయనడానికి వీల్లేదు. ఎర్ర అట్టతో చేస్తే మాత్రం దాన్ని నలుపుతో కలిపేసుకున్నాయి. మనకు కనపడే ఎరుపు వాటికి కనపడదు, మనకు కనపడని అతినీలలోహితం వాటికి కనపడుతుంది. మన కంటికి నిండు పసుపుగా ఉన్న పొద్దుతిరుగుడు పువ్వు వాటి కంటికి నడుమ ముదురు వలయంతో గురిచూసే పలకలా కనపడుతుందన్నమాట.

ఈ ప్రయోగాన్ని అందరూ "ఈగలకు రంగులు తెలుసు" అని చెప్పడానికి వాడతారు. నా కన్ను మాత్రం ఆ ఖాళీ గిన్నె మీద పడింది. నీలం దానికి ఎందుకు నచ్చింది? నిన్న నీలం దగ్గర డబ్బులు ముట్టాయి కాబట్టి. పసుపు మీద పోసి ఉంటే పసుపు నచ్చేది. పువ్వు వాసన అయితే తీపితో కలిపి ఒకట్రెండు సార్లు తగిలితే చాలు, గుర్తు పెట్టేసుకుంటుంది.

టైము కూడా గుర్తు పెట్టుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో ఆగస్ట్ ఫోరెల్ అనే డాక్టరు వేసవిలో ఆరుబయట కూర్చుని టిఫిన్ చేసేవాడు. బల్ల మీది జామ్ కోసం ఈగలు చేరేవి. ఆయన గమనించిందేమిటంటే, జామ్ పెట్టని రోజున కూడా అవి సరిగ్గా టిఫిన్ వేళకే వచ్చి బల్ల చుట్టూ తిరిగేవట. ఫ్రిష్ శిష్యురాలు ఇంగెబోర్గ్ బేలింగ్ 1929లో దీన్ని పద్ధతిగా పరీక్షించి, ఈగకు రోజులో ఫలానా వేళ అని నేర్పవచ్చని చూపించింది. పూలకు వేళలుంటాయి మరి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. నేతిబీర పొద్దున పూస్తుంది, మామూలు బీర సాయంత్రం పొద్దుగూకే ముందు పూస్తుంది. కొట్టు తెరిచే వేళ తెలియని కొనుగోలుదారు రెక్కలరగదీసుకోవడమే.

పువ్వే లేనిచోట తీపి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మన పత్తి చేనుకన్నా మంచి సాక్ష్యం లేదు. మా మేనమామ చేను సత్తెనపల్లి అవతల ఉండేది. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు చూసేవాణ్ణి, ఈగలు పువ్వును వదిలేసి ఆకుల కింద దూరేవి. ఒకసారి ఆకు తిప్పి చూశాను. వెనక, నడి ఈనె మీద, గుండుసూది తల పట్టేంత చిన్న గుంట. అందులో మెరుస్తూ ఒక చుక్క. వేలితో తీసి నాలుకకు రాసుకుంటే తియ్యగా ఉంది. వెనక నుంచి మామయ్య వీపు మీద ఒక్కటిచ్చాడు. "మందు కొట్టిన ఆకు నాకుతావుట్రా, చస్తావు!" అని. ఆ చుక్క చీమల కోసం. తీపి తాగడానికొచ్చిన చీమలు ఆకు తినే పురుగుల్ని తరుముతాయి, మొక్కకు అదొక కాపలా ఖర్చు. దాని దగ్గర రంగు లేదు, రేకు లేదు. అయినా తేనెటీగలు దాన్ని కనిపెట్టేశాయి.

అదే చేలో పువ్వు సంగతి చూడండి. పొద్దున మీగడ రంగులో విచ్చుకుంటుంది. మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతుంది. మన కంటికి రెండో రోజు పువ్వే అందంగా ఉంటుంది. ఈగ మొదటి రోజు పువ్వు దగ్గరే ఆగుతుంది.

నూజివీడు వైపు మామిడి తోటల్లో తేనెమంచు పురుగు అనే మాట వినే ఉంటారు. పూత రసం పీల్చి, మిగిలిన తీపిని జిగురుగా ఆకుల మీద వదిలే పురుగు. ఇలాంటి పురుగులు వదిలిన తీపిని కూడా తేనెటీగలు పోగుచేస్తాయి. యూరప్ అడవుల్లో అలా వచ్చిన తేనెను ప్రత్యేకం అని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముకుంటారు. పురుగు విసర్జనను మకరందం పక్కన పెట్టి తూచుకునే జీవిని మనం పూల ప్రేయసి అంటున్నాం!

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సీజన్లో తెల్లవారుజామునే వెళ్ళి, రాత్రికి బట్టల నిండా ఘాటుతో వచ్చేవాడు. ఆయన గుమ్మంలోకి రాగానే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. ఆ రోజు ధర ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆయన అంకెతో మొదలుపెట్టేవాడు కాదు. "బండ్లు నిలబడిపోయినయ్" అనేవాడు, లేదా "టిక్కీ దిగడం ఆలస్యం, పట్టుకుపోతన్నారు" అనేవాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. సరుకు దిగడానికి ఎంతసేపు పట్టిందో చెబితే బజారు ఎలా ఉందో చెప్పినట్టే.

తేనెపట్టులో జరిగేది అచ్చం ఇదేనని చాలా ఏళ్ళ తర్వాత అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ సీలీ చేసిన పని గురించి చదివినప్పుడు తెలిసింది. బయటి నుంచి తేనె తెచ్చిన ఈగ దాన్ని తానే గదుల్లో నింపదు. లోపల ఉండే చిన్న వయసు ఈగ ఒకటి ఎదురొచ్చి, నాలుకకు నాలుక ఆనించి దాన్ని దింపుకుంటుంది. హమాలీ లాగన్నమాట. కొద్ది సెకన్లలో హమాలీ దొరికితే, తెచ్చిన ఈగకు సంగతి అర్థమైపోతుంది. ఇంట్లో గిరాకీ ఉంది. సరుకు కూడా చిక్కటిదైతే అది నాట్యం చేసి మిగతావాళ్ళను పిలుస్తుంది. హమాలీ కోసం చాలాసేపు తిరగాల్సొస్తే ఆ నాట్యం చేయదు. వేరే రకంగా వణుకుతూ తిరిగి, దింపుకునేవాళ్ళను పోగుచేస్తుంది. పైన సెక్రటరీ లేడు, ధర పలికే మైకు లేదు. ఎవరు ఎంతసేపు నిలబడ్డారన్న దాన్నిబట్టి మొత్తం పట్టు బజారు తెలుసుకుంటుంది.

ఆ నాట్యంలో ఏముంటుందో, ఏముండదో చూస్తే నా వాదనకు అంతకన్నా బలం అక్కర్లేదు. ఈ నాట్యాన్ని విప్పి చెప్పినవాడు కూడా ఫ్రిష్షే, 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. సూర్యుడికి ఏ దిక్కున వెళ్ళాలి, ఎంత దూరం వెళ్ళాలి, వెళ్తే ఎంత గిట్టుబాటు, ఇవి ఉంటాయి. ఒంటికి అంటిన వాసన తోటివాళ్ళకు తగులుతుంది. పువ్వు రంగు గురించి, ఆకారం గురించి ఒక్క అడుగు కూడా లేదు. ప్రేమించినవాడు చెప్పే మొదటి సంగతి రూపమే కదా. ఈగకు అది అనవసరం.

గిట్టుబాటు కూడా రోజుకో రకం. ఊరంతా పూతలో ఉన్నప్పుడు పలచటి పంచదార నీళ్ళు పెడితే ముట్టుకోవు. కరువు రోజుల్లో అవే నీళ్ళకు ఎగబడతాయి. ఏప్రిల్ చివర్లో కానుగలు పూసినప్పుడు చెట్టు కింద నిలబడితే ఝుమ్మని మోత వినిపిస్తుంది. ఆ నాలుగు రోజులూ చెరుకు బండి దగ్గర ఈగలు పలచబడేవి. పూత రాలిపోయాక మళ్ళీ బండి మీదే. మే నెల ఎండల్లో ఏసీ పైపు కారేచోట చేరేవి నీళ్ళకొచ్చినవి, వాటిని చూసి తీపి అనుకోకండి. పట్టును చల్లబరచుకోవాలి కదా.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. అంత తీపి పిచ్చే అయితే చెరుకు బండినే నమ్ముకుని పూలను మానేయొచ్చుగా? మానలేవు. పెద్ద ఈగ పంచదారతో నడుస్తుంది కానీ పిల్లలు దానితో పెరగవు. వాటికి మాంసకృత్తులు కావాలి, అవి పుప్పొడిలో ఉంటాయి. చెరుకు రసంలో పుప్పొడి లేదు. ఇంకొకటి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఇంకా ఏ పువ్వూ ఎరగని ఈగకు కూడా పుట్టుకతో కొన్ని రంగుల వైపు, ముఖ్యంగా నీలం ఊదాల వైపు, కొంచెం మొగ్గు ఉంటుంది. కాబట్టి ఆకర్షణ బొత్తిగా లేదంటే అబద్ధం. మొదటి రోజు ఏ వీధిలో వెతకాలో చెప్పేంత మొగ్గు అది. రెండో రోజు నుంచి అనుభవం చెప్పినట్టే.

ఈ లెక్క చూడాలంటే ఎక్కడికీ పోనక్కర్లేదు, పొద్దున్నే తులసి కోట దగ్గర పది నిమిషాలు కూర్చోండి. మా తులసికి వచ్చేది చిన్నజాతి తేనెటీగ, గోరంత కూడా ఉండదు. కంకి అడుగున వాలి పైకి ఎక్కుతూ పోతుంది. ఒక్కో వరస చుట్టూ తిరిగి, ఊదారంగు పువ్వులో తల దూర్చి, లెక్కపెట్టేలోపే బయటికి. మధ్యమధ్య గాల్లో ఆగి ముందు కాళ్ళతో ముఖం తుడుచుకుని, అంటిన పొడిని వెనక కాళ్ళకు చేరవేస్తుంది. అక్కడ రెండు వైపులా చిన్న ముద్దలు పెరుగుతుంటాయి. నాకు వింతగా అనిపించింది అది వదిలేసే పూలు. కొన్నింటి ముందు రెప్పపాటు ఆగి, వాలకుండానే దాటిపోతుంది. ఇంతకుముందే ఎవరో వచ్చి వెళ్ళిన వాసన వాటికి అంటి ఉంటుంది, ఖాళీ కొట్టని తెలుస్తుంది. పక్కనే అరచేయంత మందారం ఎర్రగా వెలిగిపోతుంటే దానివైపు తిరగనైనా తిరగదు.

అమ్మ ఆ కంకులు తుంచేస్తుంది. "తుంచకపోతే మొక్క విత్తు కట్టి ఎండిపోతుందిరా" అంటుంది. అది నిజమే. ఆవిడతో వాదించి నాలుగు కంకులు ఉంచేలా ఒప్పందం కుదుర్చుకున్నాను. పూజకు వచ్చినప్పుడల్లా ఆ నాలుగింటినీ ఒక చూపు చూస్తుంది.

వంగ మొక్క దగ్గర కథ వేరు. వంగ పువ్వులో చుక్క తేనె ఉండదు. పుప్పొడి కూడా గొట్టాల్లాంటి కేసరాల్లో ఉండి, కొసన సన్న రంధ్రంలోంచి మాత్రమే రాలుతుంది. దాన్ని రాల్చాలంటే పువ్వును పట్టుకుని ఒళ్ళు అదరగొట్టాలి. తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదకు వచ్చు. వాసాల్లో, ఎండు వెదుళ్ళలో గుండ్రంగా తొలుచుకుని ఉండే నల్లటి పెద్ద తుమ్మెద. అది వాలగానే పువ్వు వంగిపోతుంది, మోత ఒక్కసారిగా సన్నగా, కీచుగా మారుతుంది, పొడి దాని పొట్ట మీద రాలుతుంది. మన పద్యాల్లో ఈ తుమ్మెద తేనె తాగి మత్తెక్కిన రసికుడు, పువ్వు పువ్వుకీ మారే మగవాడు. ఇక్కడ చూస్తే తేనె అసలే లేదు, పుప్పొడి మోస్తున్నది ఆడది, తీసుకెళ్ళేది పిల్లలకు. కవులకు పెరట్లో వంగమొక్క లేదేమో.

పువ్వు మాత్రం తక్కువదా? అది కూడా దానం చేయట్లేదు. కడుపు నిండా పోస్తే ఈగ ఇంటికెళ్ళిపోతుంది, పుప్పొడి పక్క మొక్కకు చేరదు. అందుకే చిటికెడు చిటికెడు పోసి తిప్పుతుంది. కొన్నయితే ఇంకా గడుసువి. కాఫీ పూల తేనెలో, బత్తాయి జాతి పూల తేనెలో కొంచెం కెఫీన్ ఉంటుంది, చేదు తగలనంత తక్కువగా. 2013లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జెరాల్డిన్ రైట్ బృందం పరీక్షిస్తే, కెఫీన్ కలిపిన తీపి తాగిన ఈగల్లో ఆ పువ్వు వాసనను మర్నాటికి గుర్తుపెట్టుకున్నవి మూడు రెట్లు ఎక్కువ. పొద్దున్నే ఒకే టీ కొట్టు చుట్టూ తిరిగే మనం నవ్వడానికి లేదు.

సరుకు లేకుండా బోర్డు మాత్రం పెట్టే పూలూ ఉన్నాయి. 1793లో స్ప్రెంగెల్ అనే జర్మన్ బడిపంతులు, రేకుల మీది చారలూ మచ్చలూ తేనెకు దారి చూపే గుర్తులని రాసినప్పుడే, తేనె ఉన్నట్టు నటించి మోసం చేసే పూలున్నాయని కూడా రాశాడు. ఆర్కిడ్లలో అలాంటివి చాలా ఉన్నాయి. అవి అడవి మోసగాళ్ళు, కొత్త ఈగలను పట్టుకుని బతుకుతాయి. మనం నర్సరీ నుంచి తెచ్చుకునే ముద్ద పూలు మనుషులు చేసిన మోసం. రేక మందారంలో నడుమ కాడకు కేసరాలుంటాయి. ముద్ద మందారంలో ఆ కేసరాలే రేకులైపోయాయి. అందం పెరిగింది, పొడి పోయింది. ఎరుపైతే ఈగకు ఎలాగూ కనపడదు, ఆ ఎరుపు తేనెపిట్ట కోసం. కుండీలు తీయించమన్న పెద్దాయనకు ఈ ఒక్క ముక్క చెప్పాలనుకున్నాను. మనం ఈగలను పిలవలేదు సార్, మన టెర్రస్ నిండా ఖాళీ బోర్డులే.

చెప్పే లోపే పని అయిపోయింది. ఒక రాత్రి పదకొండింటికి ఇద్దరు మనుషులొచ్చారు. కర్రకు గుడ్డలు చుట్టి, కిరసనాయిలు పోసి అంటించారు. ట్యాంకు అడుగంతా ఎర్రగా వెలిగింది. కింద పడ్డవి రెక్కలు కాలి నేల మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకటి నా మెడ మీద కుట్టింది. కుట్టినచోట వచ్చే వాసన మిగతావాటికి కబురు. అది అరటిపండు వాసనలా ఉంటుందని చదివాను కానీ, ఆ రాత్రి కిరసనాయిలు తప్ప ఏ వాసనా తెలియలేదు. తేనె నాలుగు సీసాలైంది. ఒక సీసా కుండీల పెద్దాయన తీసుకున్నారు, షుగర్ ఉన్నవాళ్ళకు మంచిదని ఎవరో చెప్పారట. పొద్దున్నే అమ్మ చీపురు తీసుకుని పైకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూశాను. చేటలో సగం దాకా ఈగలున్నాయి, తులసి దగ్గర పోయాలా చెత్తబుట్టలో వేయాలా తెలియక కూర్చుంది.

కుండీలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఈ జూన్‌లో మొదటి వానలు పడగానే చెరుకు బండాయన బండి కట్టేసి ఊరెళ్ళిపోయాడు. నాకు తెలియదు. రోజూ లాగే పదకొండింటికి గేటు దాటి వీధి మొదటికి వెళ్ళాను. బండి నిలబడేచోట తడి నేల, నాలుగు ఇటుకలు, కరెంటు స్తంభానికి కట్టిన తాడు ముక్క. ఆ స్తంభం చుట్టూ పది పన్నెండు ఈగలు తిరుగుతున్నాయి. ఒకటి తాడు మీద వాలి, ముడి దగ్గర నాలుక చాపి చూసి లేచింది. కాసేపు నేనూ అక్కడే నిలబడ్డాను.